ఈల మామయ్య గుండీలు విప్పనన్న రోజు

మా వైద్య కళాశాల వెనక గేటుకు ఎదురుగా ఒక దర్జీ కొట్టు ఉండేది. రెండు కుట్టు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడకు నిలువుటద్దం. ఇద్దరు ఒకేసారి వస్తే ఒకరు గుమ్మంలోనే నిలబడాలి. ఆ కొట్టు నడిపే ఆయనను మేమందరం ఈల మామయ్య అనేవాళ్ళం. ఆయనకు ఈల వేయడం రాదు. ఈల వేసేది ఆయన గుండె.

చిన్నతనంలో కీళ్ళు వాచే జ్వరం ఒకటి వచ్చి, పోతూ పోతూ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. గుండె ముడుచుకున్నప్పుడల్లా సరిగ్గా మూసుకోని ఆ తలుపు సందులోంచి నెత్తురు వెనక్కి తన్నేది. ఎడమ రొమ్ము కింద స్టెతస్కోపు ఆనిస్తే సన్నగా, పొడుగ్గా ఊదినట్టు వినిపించేది. పుస్తకంలో ఎలా రాశారో అలాగే, పొల్లు పోకుండా. అందుకే పందొమ్మిదేళ్ళుగా ఫైనలియర్ పరీక్షలు వచ్చినప్పుడల్లా ఆయనకు కళాశాల నుంచి ఉత్తరం వెళ్ళేది. ఆయన కొట్టు మూసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, పరీక్ష గదిలో మంచం మీద పడుకునేవాడు. విద్యార్థి ఆయన్ని చూసి, తట్టి, విని జబ్బేమిటో చెప్పాలి.

మామయ్య మాకు దేవుడు. చలికి స్టెతస్కోపు మంచుగడ్డలా ఉంటే, "అరచేతిలో రుద్ది పెట్టు నాయనా, గుండె ఉలిక్కిపడుతుంది" అని గుర్తు చేసేవాడు. ఆ చప్పుడు ఎడమ పక్కకు ఒత్తిగిలితే బాగా వినిపిస్తుంది. కంగారులో ఎవరైనా ఆ సంగతి మరిచిపోతే, నడుం నొప్పి పుట్టినట్టు మొహం పెట్టి తనే ఎడమ పక్కకు తిరిగేవాడు. ఆ ఒక్క ఒత్తిగిలింతతో గట్టెక్కినవాళ్ళు ఇవాళ పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నారు.

మా తెల్లకోట్లు కుట్టేది కూడా ఆయనే. ఆయన భార్యను అత్తయ్య అనేవాళ్ళం. కాజాలు, గుండీలు ఆవిడ పని. మొదటి ఏడు కుట్టిన కోటు మూడో ఏటికల్లా వదులైపోతే, కుట్టు విప్పించి లోపలికి తీయించుకోవడానికి వచ్చేవాళ్ళం. మామయ్య టేపు పెట్టి చూసి, పాత కొలతల పుస్తకం తీసి, నోరు చప్పరించేవాడు. "రెండంగుళాలు తగ్గావు. లోపల మిమ్మల్ని చదివిస్తున్నారా, పిండుతున్నారా?" అని ఒకసారి నన్నడిగాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఏం చెప్పాలో తెలియనప్పుడల్లా నవ్వడం నాకు అప్పటికే అలవాటైంది.

మామయ్య ఎడమ చిటికెన వేలు వంగదు. ఆయన పని నేర్చుకున్న చోట గురువు, కత్తెర ఒక గీత తప్పితే చాలు, గజం బద్ద అంచుతో వేళ్ళ మీద కొట్టేవాడట. ఒక దెబ్బకు కణుపు విరిగి అలాగే అతుక్కుపోయింది. కొట్టబట్టే కదా ఇంత పనితనం వచ్చిందని ఎవరో ఆయన ముందు అన్నారు. "పని వచ్చింది, వేలు పోయింది. వేలు ఉన్నా పని వచ్చేదే," అన్నాడాయన. అన్నప్పుడు నవ్వలేదు.

ఇక మా మెడిసిన్ విభాగం హెడ్డు సంగతి చెప్పాలి. మేము పెద్ద సారు అనేవాళ్ళం. మామయ్యను ఏకవచనంలో రాస్తున్నాను, అది చనువు. పెద్ద సారును బహువచనంలో రాస్తాను, అది గౌరవం కాదు. భయం పోయినా అలవాటు పోలేదు, అంతే.

ఆయన హస్తవాసి ఉన్న వైద్యుడు. అబద్ధమెందుకు ఆడాలి. వార్డు తలుపు దగ్గర నిలబడి రోగి నడక చూసి జబ్బు చెప్పేవారు. పదేళ్ళ కిందట మామయ్య ఊపిరితిత్తుల్లో నీరు చేరి, మంచం మీద కూర్చోనూ లేక, పడుకోనూ లేక కొట్టుకుంటుంటే, గంటలో దారికి తెచ్చింది ఆయనే. మామయ్య ఆ మేలు మరిచిపోలేదు. కొత్త సంవత్సరానికి ఆయనకొక చొక్కా కుట్టి ఇచ్చేవాడు.

కానీ విద్యార్థి కనిపిస్తే ఆ మనిషి వేరు. రోగి మంచం చుట్టూ పద్నాలుగు మందిమి నిలబడేవాళ్ళం. ఆయన ఒక్కొక్కరి వైపు వేలు చూపిస్తూ ప్రశ్న వేసేవారు. జవాబు తెలిస్తే ఇంకా కష్టమైనది, అదీ తెలిస్తే ఇంకోటి, తెలియనిది దొరికేదాకా. అది దొరికాక మొదలయ్యేది అసలు పాఠం. నీ మొహానికి డాక్టరు చదువెందుకు, మీ నాన్న ఏం పని చేస్తాడు, అదే చేసుకోకపోయావా. రోగులు వింటుండగా, రోగుల బంధువులు వింటుండగా. ఆ సాయంత్రం అదే రోగి దగ్గరికి నెత్తురు తీయడానికి వెళితే అతను చెయ్యి వెనక్కి లాక్కుని, పెద్ద డాక్టర్ని పిలవమనేవాడు. మమ్మల్ని గట్టిపరచడానికే అలా చేస్తారని మాలో మేము చెప్పుకునేవాళ్ళం. గాడిద తన్నితే దీవెన అనుకోమన్నట్టు.

మా బ్యాచ్‌లో ఒక అమ్మాయికి నత్తి ఉండేది. మాట మొదట్లో పట్టుకుంటుంది, ఆగి, ఊపిరి తీసుకుని, మెల్లగా చెబుతుంది. అందుకని అందరూ ఆమెను నిదానం అనేవాళ్ళు. జబ్బును గుర్తించడాన్ని కూడా నిదానమనే అంటారని, ఆ పేరు నిజంగా నప్పేది ఆ అమ్మాయికేనని, ఒక్క మామయ్యే అనేవాడు. రోగి దగ్గర కూర్చుంటే ఆమె గంట లేచేది కాదు. మొదటి ఏడు ఆమె అడిగిన ప్రశ్నలకు లెక్కలేదు. నాలుగో ఏటికి వెనక వరసలో గోడకు ఆనుకుని నిలబడడం మొదలుపెట్టింది.

ఆ ఏడు కొత్తగా వచ్చిన ఒక మేడమ్, వేరే విభాగంలో పాఠాలు చెప్పే ఆవిడ, మా అందరికీ ఒక ప్రశ్నపత్రం పంచింది. పరీక్ష కాదు. మేము చదువుకునే చోటు మాకెలా అనిపిస్తోందో చెప్పమంది. యాభై వాక్యాలు, ఒక్కోదానికి అవును, కొంతవరకు, కాదు అని మూడు గళ్ళు. నాకు తెలియదని చెప్పడానికి ఇక్కడ నేను భయపడను. తప్పు చేస్తే నాకు నేర్పుతారు, నవ్వరు. నాకు తగినంత నిద్ర దొరుకుతోంది. ఇలాంటివి. చివర మూడు గీతల ఖాళీ, మార్చాలనుకునేది ఏదైనా ఒకటి రాయమని. పేరు రాయక్కర్లేదు, కాగితాలు తన బీరువా దాటి వెళ్ళవని మేడమ్ మాట ఇచ్చింది. ఆవిడ ఆ మాట మనస్ఫూర్తిగానే ఇచ్చింది. బీరువా తాళం చెవి ఎవరి దగ్గర ఇంకొకటి ఉంటుందో ఆవిడకు తెలియదు, కొత్త కదా.

నేను యాభైకి యాభై అవును అని గీతలు కొట్టి, చివర ఖాళీలో అన్నీ బాగున్నాయని రాశాను. నిదానం అరగంట కూర్చుని రాసింది.

పది రోజుల తర్వాత ఈల మామయ్యకు జ్వరం పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి వణుకు, ఆయాసం, ఒళ్ళంతా నీరసం. మా వార్డులోనే కిటికీ పక్క మంచం మీద చేర్చారు. ఏదో వైరస్ జ్వరమని మాత్రలు మొదలుపెట్టారు. మర్నాడు పెద్ద సారు రౌండ్లలో ఆ కేసు చెప్పాల్సిన వంతు నిదానానిది. ఆమె ముందు రోజు సాయంత్రం మామయ్య దగ్గర కూర్చుని నాలుగు పేజీలు రాసుకుంది. ఎవరూ అడగనిది ఒకటి అడిగింది: ఈ నెలలో పళ్ళ డాక్టరు దగ్గరికేమైనా వెళ్ళారా మామయ్యా అని. వెళ్ళాడు. మూడు వారాల కిందట దవడ పన్ను పీకించుకున్నాడు. గుండె కవాటం పాడైనవాళ్ళకు పన్ను పీకిన పుండులోంచి క్రిములు నెత్తురులోకి చేరి, ఆ కవాటానికే పట్టుకునే ప్రమాదం ఉంది. వెంటనే పట్టుకుని మందులు పడకపోతే మనిషి దక్కడు. ఆమె ఆ సంగతి కాగితం చివర రాసి కింద రెండు గీతలు గీసింది.

పొద్దున్న తొమ్మిదికి పెద్ద సారు వచ్చారు. ఆమె మొదలుపెట్టింది. వయసు, వృత్తి, జ్వరం ఎన్నాళ్ళు, అన్నీ బాగానే చెప్పింది. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టుకుంది.

"ప... ప..." అంది.

పెద్ద సారు వాచీ చూసుకున్నారు. ఆ తర్వాత మా వైపు తిరిగి, అదే నత్తితో, అదే మెడ ఊపుతో, "ప, ప, ప" అన్నారు. "పాట పాడుతోందిరా. తాళం వేయండి."

మేము నవ్వాం. పద్నాలుగు మందిలో ఆమెను తీసేస్తే పదమూడు. ఎంతమంది నిజంగా నవ్వారో, ఎంతమంది పళ్ళు కనిపించేలా పెదవులు లాగారో నాకు తెలియదు. నేను మాత్రం చప్పుడయ్యేలా నవ్వాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అప్పుడాయన కోటు జేబులోంచి మడత కాగితం ఒకటి తీశారు. గుండ్రటి అక్షరాలు. కేసు షీట్ల మీద ఆమె రాత రోజూ చూసేవాళ్ళకు ఇంక పేరెందుకు. ఆ కాగితం ఆమె చేతికిచ్చి, చివరి మూడు గీతల్లో ఏం రాశావో అందరికీ చదివి వినిపించమన్నారు.

ఆమె చదివింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఒక్కో మాట కోసం ఆమె మెడ నరాలు ఉబ్బడం చూశాను. అందులో రాసింది ఇది: "ఇక్కడికి వచ్చిన కొత్తలో రోజుకు పది ప్రశ్నలు అడిగేదాన్ని. ఇప్పుడు ఒక్కటీ అడగను. అన్నీ తెలిసిపోయి కాదు."

"ప్రశ్నలు తరవాత. ముందు మాటలు నేర్చుకో," అన్నారు పెద్ద సారు.

మంచం మీంచి మామయ్య లేవబోయాడు. "సార్, ఆ అమ్మాయి చెప్పేది..." అని ఏదో అనబోతే, రౌండ్లలో రోగి మాట్లాడకూడదన్నట్టు ఆయన చెయ్యి ఎత్తారు. బతికించిన చెయ్యి అది. మామయ్య ఆగిపోయాడు. అప్పుడు ఆగిపోయినందుకు ఆయన తనని తాను తిట్టుకోని రోజు లేదని అత్తయ్య తర్వాత నాతో అంది.

నిదానం చేతిలోంచి ఆ నాలుగు పేజీలు జారి కింద పడ్డాయి. ఆమె వాటిని తీసుకోకుండానే వార్డు దాటి వెళ్ళిపోయింది. గుంపు పక్క మంచానికి కదిలింది. నేను కాగితాలు ఏరి, మడిచి నా కోటు జేబులో పెట్టుకున్నాను. చదవలేదు. చదివితే ఆమె మొహం గుర్తొస్తుందని చదవలేదు.

రెండు రోజులు గడిచాయి. నిదానం హాస్టలు గదిలోంచి బయటికి రాలేదు. మూడో రోజు మామయ్యకు జ్వరం ఎక్కువైంది. గోళ్ళ కింద ఎర్రటి సన్నని చారలు కనిపించాయి. మనుషుల్ని గుర్తు పడుతున్నాడు గానీ, మాట మధ్యలో నిద్రలోకి జారిపోతున్నాడు. అత్తయ్య మంచం పట్టె పట్టుకుని నిలబడి, పన్ను సంగతి ఆ పిల్ల అడిగింది కదా, దాని గురించి ఎవరూ ఏమీ అనరేమిటని నన్నడిగింది. జేబులోంచి కాగితాలు తీసి, రెండు గీతలు గీసిన చోటు చదివి, డ్యూటీ డాక్టరు గదికి పరిగెత్తాను. ఆయన చదివి, వెంటనే లేచి, నెత్తురు పరీక్షకు సీసాలు సిద్ధం చేశాడు. నిదానం అనుమానించిందే నిజమైంది. ఆరు వారాలు సూదులు పడ్డాయి. మామయ్య బతికాడు గానీ కవాటం ఇంకా పాడైంది. ఆ రెండు రోజులే కొరికేశాయని డ్యూటీ డాక్టరు నాతో చాటుగా అన్నాడు. అందులో పెద్ద సారు వాటా ఎంతో, నా జేబు వాటా ఎంతో నేను తేల్చుకోలేను.

అసలు మండిపోయే సంగతి ఆ తర్వాతది. జ్వరం తగ్గిన వారానికి పెద్ద సారు అదే మంచం దగ్గర మాకు పాఠం చెప్పారు. అద్భుతంగా చెప్పారు. పన్ను, నెత్తురు, కవాటం, గోళ్ళ కింద చారలు, అన్నీ. చివర్లో మా అందరి వైపు చూసి, "రోగిని పూర్తిగా అడిగి తెలుసుకోవాలి. అడగడం చేతకానివాళ్ళు మీరు. మీ వల్ల ఈ మనిషి పోయేవాడు," అన్నారు. నిదానం పేరు ఎత్తలేదు. ఆమె అక్కడ లేదు కూడా. మామయ్య కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. దుప్పటి కింద ఆయన పిడికిలి బిగుసుకోవడం నాకు కనిపించింది.

కొత్త మేడమ్ తన నివేదిక రాసింది. అది పరిశీలనలో ఉందన్నారు. పరిశీలన పూర్తికాకముందే ఆవిడకు దూరంగా ఉన్న ఆరోగ్య కేంద్రానికి బదిలీ అయింది.

నిదానం చదువు మానేసి ఇంటికి పోవడానికి పెట్టె సర్దుకుంది. ఆమెను ఆపింది అత్తయ్య. హాస్టలుకు వెళ్ళి, ఆమె గదిలో మంచం మీద కూర్చుని, పెట్టెలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ అలమరలో పెట్టిందట. "నువ్వు అడగబట్టే నా పసుపుకుంకాలు నిలిచాయి" లాంటి పెద్ద మాటలేవీ ఆవిడ అనలేదు. "నువ్వు వెళ్ళిపోతే ఇక్కడ మిగిలేది ఆ నవ్వేవాళ్ళే. రేపు నాకు జబ్బు చేస్తే వాళ్ళే చూడాలి. నాకు భయంగా ఉంది," అంది.

ఆ నవ్వేవాళ్ళలో ఒకణ్ణి నేను. డిశ్చార్జి అయిన రోజు మామయ్య నన్ను దగ్గరికి పిలిచాడు. కాగితాలు తెచ్చిచ్చినందుకు మెచ్చుకుంటాడనుకున్నాను. "నువ్వూ నవ్వావు కదా నాయనా. నాకు మంచం మీంచి అందరి మొహాలూ కనిపిస్తాయి," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఐదు నెలలకు ఫైనల్ పరీక్షలు వచ్చాయి. మామయ్యకు ఎప్పటిలాగే ఉత్తరం వెళ్ళింది. ఇంట్లో పెద్ద గొడవైందట. ఆయన అసలు వెళ్ళనే వద్దని అత్తయ్య పట్టు. వెళ్ళకపోతే ఆరోగ్యం బాగాలేదనుకుని ఇంకొకణ్ణి పిలుచుకుంటారు, వెళ్ళి చెప్పాలని ఆయన పట్టు. రేపు ఆయాసం వస్తే మళ్ళీ ఆ చేతుల్లోనే పడాలి, తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు అవుతుందని ఆవిడ అంటే, "వాసాలు నా ఒంటి మీదే విరిగాయి, లెక్కపెట్టకపోతే ఎలా," అన్నాడట. చివరికి ఆవిడే చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

కేసులకు చీటీలు తీస్తే మామయ్య నాకు వచ్చాడు. మంచం దగ్గరికి వెళితే ఆయన మెడ దాకా గుండీలు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పరీక్షకులు ఇద్దరు: పెద్ద సారు, బయటి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. నేను ఆవిడకు నమస్కారం పెట్టేలోపే పెద్ద సారు, "గుండీలు విప్పవయ్యా," అన్నారు.

"విప్పను సార్."

తాను సరిగ్గా వినలేదేమో అనుకున్నారాయన. మళ్ళీ అన్నారు.

"ఈ అబ్బాయికి చూపిస్తాను, ఈ అమ్మగారికి చూపిస్తాను," అన్నాడు మామయ్య. "మీరు ఇక్కడ నిలబడి ఉండగా మాత్రం విప్పను."

గదిలో ఆరు మంచాలున్నాయి. ఆరింటి దగ్గరా తలలు ఇటు తిరిగాయి. పెద్ద సారు మొహం ఎర్రబడింది. "ఎవరు నేర్పి పంపారు నిన్ను?" అంటూ నా వైపు చూశారు.

"నాకు నేర్పేదెవరు సార్. పందొమ్మిదేళ్ళుగా మీ పిల్లలకి నేనే నేర్పుతున్నాను."

బయటి నుంచి వచ్చిన ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, సంగతేమిటని అడిగింది. మామయ్య చెప్పాడు. గొంతు పెంచలేదు. ఏ రోజు, ఏ మంచం, ఎవరు ఏమన్నారు, వరసగా చెప్పాడు. పన్ను సంగతి, ప అనే అక్షరం దగ్గర పడిన వెక్కిరింత, కాగితం, రెండు రోజులు. నత్తిని మాత్రం ఆయన చేసి చూపించలేదు. "నా ప్రాణం పోసింది ఈయనే, కాదనను. అందుకే ఆ రోజు నోరు మూసుకున్నాను. నా ప్రాణం పోసినంత మాత్రాన ఆ పిల్ల నోరు నొక్కే హక్కు ఈయనకి రాదు. ఆ పిల్ల నోరు నొక్కితే నా ప్రాణమే పోబోయింది," అన్నాడు.

పెద్ద సారు ఇంగ్లీషులో ఆవిడకేదో చెప్పబోయారు. రోగి మతిస్థిమితం గురించి. పక్క మంచం మీద కంఠం వాచిన ఒకావిడ, ఆవిడ కూడా ఏటేటా వచ్చే కేసే, దుప్పటి మెడ దాకా లాక్కుని, "ఆయన మతి బాగానే ఉంది. నేనూ చూపించను," అంది.

బయటి పరీక్షకురాలు కళ్ళజోడు సరిచేసుకుని నన్ను అడిగింది. "నువ్వు ఆ రోజు అక్కడున్నావా?"

ఉన్నానన్నాను.

"ఇతను చెప్పింది నిజమా?"

పెద్ద సారు నన్నే చూస్తున్నారు. సగం మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. నాలుగున్నర ఏళ్ళలో ఆ చూపు కింద ఒక్కసారి కూడా నేను అనుకున్నది అనలేదు. ఆ క్షణంలో నాకే మాట పట్టుకుంది.

"నిజం మేడమ్," అన్నాను. "మేమందరం నవ్వాం. నేను కూడా."

ఆవిడ లేచి, పెద్ద సారును గది చివర బల్ల దగ్గరికి పంపింది. ఎలా పంపిందో, ఏ మాటతో పంపిందో వినిపించలేదు. ఆయన వెళ్ళారు. మామయ్య ఒక్కొక్క గుండీ విప్పాడు. నేను స్టెతస్కోపు అరచేతిలో రుద్దాను. ఎడమ పక్కకు తిరగమని నేను అడిగేదాకా ఆయన తిరగలేదు. ఆ రోజు ఆయన నాకు ఏ సాయమూ చేయలేదు.

ఏమైందో చెబుతాను. నేను పరీక్ష తప్పాను. బయటి ఆవిడ వేసిన మార్కులు బాగానే ఉన్నాయి, పెద్ద సారు వేసినవి కలిపితే చాలలేదు. ఆరు నెలల తర్వాత మళ్ళీ రాశాను. మా నాన్నకు కారణం చెబితే ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, వెధవా, చెప్పేవాడివి పరీక్ష అయ్యాక చెప్పకూడదా అన్నారు. నిదానం గట్టెక్కింది. ఆమెను బయటి ఆవిడ ఒక్కతే పరీక్షించింది. మాట పట్టుకున్నప్పుడు ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, తొందరేమీ లేనట్టు కూర్చుందట. మామయ్య పేరు, పక్క మంచం ఆవిడ పేరు కేసుల జాబితాలోంచి కొట్టేశారు.

బయటి పరీక్షకురాలు రాసిన ఉత్తరం వల్ల ఒక నోటీసు మాత్రం వచ్చింది. రోగి మంచం దగ్గర విద్యార్థులను కించపరచరాదు అని. వార్డు గోడకు అంటించారు. పెద్ద సారు ఆ నోటీసును తు.చ. తప్పకుండా పాటించారు. మంచం దగ్గర మౌనంగా విని, మమ్మల్ని వరండాలోకి తీసుకెళ్ళి తిట్టడం మొదలుపెట్టారు. వరండాలో గొంతు ఇంకా బాగా ఖంగున మోగేది.

ఆ తర్వాత మూడేళ్ళకు ఆయన పదవీ విరమణ చేశారు. పూలదండలు వేశారు, గొప్ప గురువని ఉపన్యాసాలిచ్చారు. నేను వెళ్ళలేదు. మామయ్యకు వేరే ఆసుపత్రిలో గుండెకు ఆపరేషన్ చేసి కొత్త కవాటం పెట్టారు. నిదానం ఇప్పుడు ఒక చిన్న ఆసుపత్రిలో జనరల్ డాక్టరు. ఆమె గది బయట బెంచీ ఎప్పుడూ నిండి ఉంటుంది. ఒక్కో రోగికి అంతసేపు తీసుకుంటే ఎలాగని అక్కడి యాజమాన్యం విసుక్కుంటుంది.

మొన్నామధ్య కోటు కుట్టించుకోవడానికి వెళితే మామయ్య ఒక సంగతి చెప్పాడు. ఒక రోజు పెద్ద సారు కొట్టుకు వచ్చారట. ఒళ్ళు బాగా తగ్గిపోయి, రెండు ప్యాంట్ల గుడ్డ సంచీలో పెట్టుకుని. మామయ్యను గుర్తు పట్టి, ఆపరేషన్ ఎలా ఉందని అడిగారట, నాడి చూశారట, మందులు మానకని చెప్పారట. అన్నీ మంచి మాటలే. మామయ్య కొలతలు తీసుకున్నాడు. నడుం, తొడ, పొడవు, పుస్తకంలో రాసుకున్నాడు. టేపు మెడలో వేసుకుంటూ, ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్నది అడిగాడు.

"ఆ అమ్మాయితో ఎప్పుడైనా ఒక మాట అన్నారా సార్?"

"ఏ అమ్మాయి?" అన్నారాయన.

దాటవేయడం కాదట అది. నిజంగానే గుర్తులేదు. నుదురు ముడిచి, కాసేపు ఆలోచించి, "చాలామంది వచ్చి వెళ్ళారు కదయ్యా," అన్నారట.

మామయ్య గుడ్డ మడిచి మళ్ళీ సంచీలో పెట్టి, సంచీ ఆయన చేతికిచ్చాడు. ఇది నా వల్ల కాదు సార్, అన్నాడు. పని ఎక్కువగా ఉందేమో అనుకుని ఆయన, పోనీలే, ఇంకెక్కడైనా ఇస్తానని మెట్లు దిగి వెళ్ళిపోయారు. అత్తయ్య కాజా కుడుతూ తలెత్తకుండా, కొలతలు తీసుకోకముందే అడగాల్సింది అంది. మామయ్య పుస్తకం తెరిచి, ఆ పేజీ చింపి, ఉండ చుట్టి కిటికీలోంచి విసిరేశాడు.